రబ్బరుకు ధర కడితే సరా? జిగురు ఎవరిది?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పత్తి, లూసర్న్ గడ్డి వేసే రైతులకు కొన్నేళ్లుగా ఒక ఎడారి పొదను కొత్త పంటగా చూపిస్తున్నారు. దాని పేరు గ్వాయులే. ఉత్తర మెక్సికో, టెక్సాస్ ఎడారుల్లో సహజంగా పెరుగుతుంది. మన బీళ్లలో, గట్ల మీద పెరిగి ఒళ్లంతా దురదలు పుట్టించే వయ్యారిభామకు ఇది దగ్గరి చుట్టం. రెండూ పార్థీనియం జాతివే. ఒకటి మనకు శనిలా దాపురించింది, రెండోది రబ్బరు ఇస్తోంది.

ఆ దేశపు పంటతో మనకేం పని అని సభ్యులు అడగవచ్చు. పని ఉంది. ఆ పంటలో ఉన్న పేచీ మన చెరకులోనూ, ఆయిల్ పామ్‌లోనూ ఉన్నదే.

కేరళ రబ్బరు చెట్టుకు గాటు పెడితే పాలు కారతాయి. చెట్టు పొలంలోనే ఉంటుంది, పాలు రైతు చేతికి వస్తాయి. గ్వాయులేలో అలా కుదరదు. రబ్బరు బెరడులో, కట్టెలో, ఒక్కొక్క కణంలో విడివిడిగా దాగి ఉంటుంది. పొదను కోసి, ముక్కలు చేసి, పిండి చేస్తేగానీ బయటికి రాదు. నాటిన రెండేళ్లకు మొదటి కోత. మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది కాబట్టి చెరకు కార్శిలాగా మరికొన్ని కోతలు తీయవచ్చు. కోసిన పొదను ఎండలో వదిలేస్తే అందులోని రబ్బరు పాడవుతుంది. ధర లేదని కళ్లంలో దాచుకునే సరుకు కాదది. ఫ్యాక్టరీ చెప్పిన రోజున చెప్పిన ధరకు ఇవ్వాల్సిందే.

పాత రోజుల్లో గులకరాళ్లు వేసిన మిల్లులో నీళ్లు పోసి పొదను రుబ్బేవారు. రబ్బరు సన్నని పురుగుల్లా పైకి తేలేది, నానిన పిప్పి అడుగుకు చేరేది. ఇప్పుడు ద్రావకాలతో తీస్తున్నారు. అసిటోన్‌తో రెసిన్ అనే జిగురు కరుగుతుంది, హెక్సేన్‌తో రబ్బరు. హెక్సేన్ మనకు కొత్తది కాదు, తవుడు నుంచి నూనె తీసే మిల్లుల్లో వాడేది అదే. ఈ జిగురును వేరు చేయకపోతే రబ్బరు మెత్తబడి నాసిగా తయారవుతుంది. అందుకే పూర్వం దాన్ని పీడగా చూసేవారు.

ఎండిన పొద బరువులో రబ్బరు సుమారు 5 నుంచి 10 శాతం. జిగురు కూడా దాదాపు అంతే. మిగతాదంతా పిప్పి. అంటే టన్ను పొద తోలితే రబ్బరు ఒక క్వింటాలు దాటదు. జిగురును అతుకు పదార్థాల్లో, కలపకు చెదలు పట్టకుండా వాడవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. పిప్పి ఇంధనానికి పనికొస్తుంది. రబ్బరు ఒక్కదానితో ఈ పంట గిట్టదని, జిగురు అమ్ముడుపోతేనే నిలబడుతుందని పరిశోధకులే చాలాకాలంగా అంటున్నారు. అలాంటప్పుడు రైతుకు రబ్బరు శాతం మీద మాత్రమే డబ్బు లెక్కగడితే జిగురు ఎవరి ఖాతాలో పడినట్లు?

ఈ పొద చరిత్ర కూడా చూడాలి. 20వ శతాబ్దం మొదట్లో మెక్సికోలో కంపెనీలు అడవి పొదలను పీకి పీకి కరిగించాయి. తిరిగి నాటాలన్న ధ్యాస లేకపోవడంతో పొదలు తరిగిపోయాయి, ఆపై విప్లవం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఆగ్నేయాసియా రబ్బరు తోటలను ఆక్రమించగానే అమెరికా ప్రభుత్వం 1942లో అత్యవసర పథకం పెట్టి సుమారు 32 వేల ఎకరాల్లో గ్వాయులే వేయించింది. జపాన్ సంతతివారన్న ఒక్క కారణంతో మంజనార్ శిబిరంలో నిర్బంధించిన వారిలోని శాస్త్రవేత్తల చేతనే దీని మీద పరిశోధన కూడా జరిగింది. యుద్ధం ముగిసింది, కృత్రిమ రబ్బరు వచ్చింది, ఆగ్నేయాసియా తోటలు మళ్లీ చేతికొచ్చాయి. కోతకు రాని పొదలను పెకలించి తగలబెట్టారు. అవసరం ఉన్నంతసేపే ఆ పంటకు విలువ.

ఇప్పుడు మళ్లీ దాని రోజులు వచ్చాయంటున్నారు. బ్రిడ్జ్‌స్టోన్ కంపెనీ అరిజోనాలోని మేసాలో పరిశోధనా కేంద్రం పెట్టి 2015లో గ్వాయులే రబ్బరుతో టైరు చేసింది, 2022లో రేసు కార్లకు వాడింది. అదే 2022లో కొలరాడో నది నీటి కోత పినాల్ జిల్లా రైతుల మీద పడింది. పత్తి కంటే తక్కువ నీటితో పండుతుందన్నది కంపెనీల మాట. అది నిజమే కానీ ఎడారి మొక్క కదా, నీళ్లే అక్కర్లేదనుకోవడం పొరపాటు. విత్తనం నలుసంత, మొలిచి నిలదొక్కుకునే దాకా తడి తప్పదు.

మన దేశం రబ్బరు దిగుమతి చేసుకుంటోంది. కాబట్టి రేపు ఎవరో ఒకరు ఈ మొక్కను అనంతపురం మెట్ట చేలకు మోసుకురావచ్చు. వచ్చినవారిని ముందు చలి సంగతి అడగాలి. ఈ పొద రబ్బరు కూర్చుకునేది చలికాలపు రాత్రులు 5, 7 డిగ్రీలకు పడిపోయినప్పుడు. మన సీమలో అంత చలి ఎన్ని రాత్రులుంటుంది? 2003లో ప్రణాళికా సంఘం కమిటీ సిఫారసుతో జట్రోఫా మోజు పుట్టినప్పుడు ఇలాంటి ప్రశ్నలు ఎవరూ అడగనివ్వలేదు. బీడులో వేస్తే చాలు డీజిల్ కాస్తుందన్నారు. గింజలూ అంతగా కాయలేదు, కొనేవాడూ రాలేదు.

ఇక వాటా సంగతి. చెరకుకు కేంద్రం ప్రకటించే ఎఫ్‌ఆర్‌పి నేటికీ పంచదార రికవరీ మీదే నడుస్తోంది. మొలాసిస్, ఇథనాల్, పిప్పితో తీసే కరెంటు మిల్లుకే. 2012లో రంగరాజన్ కమిటీ చక్కెర, ఉప ఉత్పత్తుల ఆదాయంలో 70 శాతం రైతుకు చెందాలని చెప్పింది. ఆయిల్ పామ్‌లోనూ అంతే. గెలలో నూనె శాతం ఎంతన్నదాని మీద తగువు తీరక ఆంధ్ర రైతులు తెలంగాణ లెక్కతో సమానంగా ఇవ్వాలని ఏళ్ల తరబడి తిరిగారు. ఫ్యాక్టరీలో తూకం, పరీక్ష, లెక్క అన్నీ కొనేవాడి చేతిలోనే ఉంటే వచ్చేది ఇదే.

ఫ్యాక్టరీతో ముడిపడిన ఏ కొత్త పంటనైనా ప్రభుత్వం అనుమతించే ముందు, ఆ పంట నుంచి వచ్చే ప్రతి సరుకు ఆదాయంలో రైతు వాటాను ఒప్పందంలోనే రాయాలని, శాతం తేల్చే పరీక్షను రైతు ప్రతినిధుల ఎదుట చేయాలని, కొనుగోలుదారు తప్పుకుంటే పెట్టుబడికి ఎవరు పూచీయో ముందే తేల్చాలని మనం అడగాలి. వచ్చే గ్రామ శాఖా సమావేశాలకు చెరకు, ఆయిల్ పామ్, సుబాబుల్ రైతులు తమ దగ్గరున్న ఒప్పంద పత్రాలు తీసుకురావాలి. వాటిలో ఉప ఉత్పత్తుల గురించి ఒక్క వాక్యమైనా ఉందేమో అక్కడే చదివి రాసుకుందాం.