బోనం వరుస ఆపొద్దు

ఆషాఢంలో మా బస్తీ అమ్మవారికి బోనం ఎత్తడం మా అత్తమ్మ నుంచి నాకు వచ్చింది. పాలు, బెల్లం పోసి వండిన అన్నం, కుండకు పసుపు కుంకుమలు, చుట్టూ వేపమండలు, పైన దీపం. వరుస ఆగిందంటే మెడ గుంజుతుంది, నూనె తరుగుతుంది, గాలికి దీపం రెపరెపలాడితే పక్కనున్న ఆమె కొంగు అడ్డం పెడుతుంది. ఎవరో నాయకుడు దర్శనానికి వచ్చాడని పోయినేడు అట్లాగే ఆపారు. మా ముందున్న ముసలమ్మ కుండ దించకుండా నిలబడే ఉంది.

ఈ పండుగ పెద్దవాళ్ల దయతో మొదలైంది కాదు. 1813లో జంటనగరాలను మహమ్మారి పట్టి పీడిస్తున్నప్పుడు, పల్టన్లో డోలీలు మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉన్నాడు. రోగం తగ్గితే అక్కడి మహంకాళి అమ్మను మా ఊరికి తెచ్చుకుంటానని మొక్కుకున్నాడు. 1815లో సికింద్రాబాద్‌లో కట్టె విగ్రహం నిలిపాడు. ఇవాళ్టి ఉజ్జయిని మహంకాళి గుడి అదే.

ఒసాకాలో మా బిడ్డ దగ్గరికి పోయినప్పుడు క్యోటోలో గియోన్ పండుగ చూశాను. అదీ రోగభయంలోంచి వచ్చిందే. 869లో అంటురోగాలు ప్రబలితే, దేశంలోని 66 ప్రాంతాల పేరిట 66 పొడవాటి ఆయుధాలు నిలబెట్టి దేవుణ్ని వేడుకున్నారట. జూలై 17న ఊరేగే రథాల్లో ఏ వాడకట్టు రథాన్ని ఆ వాడకట్టే చూసుకుంటుంది. కొయ్యచట్రానికి మేకులు కొట్టరు, గడ్డితాళ్లతో బిగిస్తారు. చక్రాలు పక్కకు తిరగవు. మూలమలుపు రాగానే చీల్చిన వెదురుబద్దలు చక్రాల కింద పరిచి, నీళ్లు చల్లి, జనమంతా ఒక్క కేకతో తాళ్లు లాగితే అంత రథమూ జర్రున జారి తిరుగుతుంది. ఊరేగింపు కాగానే వెంటనే విప్పేస్తారు. దారిపొడుగునా పోగుచేసుకున్న చెడును రథంలో ఉంచుకోకూడదని వాళ్ల నమ్మకం. మన దగ్గర అమ్మను సాగనంపేటప్పుడు రోగాలను వెంట తీసుకుపొమ్మని మొక్కుకునేది గుర్తొచ్చి నాకు ఒళ్లు జలదరించింది.

అక్కడ తాడు పట్టినవాళ్లది ఎంత పండుగో, ఇక్కడ కుండ ఎత్తినవాళ్లది అంత పండుగ. కూలికి పోయి, పస్తుండి, తెల్లారకముందే పొయ్యి ముట్టించి వచ్చే ఆడవాళ్లు లేకపోతే అమ్మవారి తమ్ముడు పోతరాజు ఎవరి ముందు ఆడాలి? డప్పుల చోట డీజే పెట్టెలు వచ్చాయి, ఆ మోతకు పిల్లలు జడుసుకుంటున్నారు. దాన్ని తగ్గించాల్సిందే. ముందుగా కావాల్సింది మాత్రం దారి.

గుడి కమిటీలు ఈసారి ఒక్కమాట మీద నిలబడాలి. ఆదివారం పొద్దున బోనాలు వెళ్లే దారిలోకి కార్లు రావద్దు. నాయకులు వస్తే రానివ్వండి, నడిచి రానివ్వండి, బోనాల వెనక నిలబడనివ్వండి. నెత్తిన దీపం ఉన్న మనిషిని మాత్రం ఎవరికోసమూ ఆపొద్దు.