కొండ మీది హెచ్చరిక కూలీ చెవిన పడాలి

తెలుగు జిల్లాల్లో మంచు అంటే ధనుర్మాసపు పొద్దున గడ్డి మీద కనబడి, ఎండెక్కేసరికి మాయమయ్యేదే. హిమాలయాల మంచు అలాంటిది కాదు. పొరలు పొరలుగా పేరుకుని, ఒక్కసారిగా జారి, కింద ఉన్న మనిషినీ డేరానూ కలిపి పూడ్చేస్తుంది. ఆ మంచుతో ఈ ఊళ్లకు పనేమిటని అనుకోవడానికి లేదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున మంచు విరిగిపడి మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన పదిమంది కూరుకుపోయారు. వారిలో కర్నూలు జిల్లా జవాను ఒకరు. ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికిన లాన్స్‌నాయక్ హనుమంతప్ప కూడా ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆస్పత్రిలో కన్నుమూశాడు.

జవానుది విధి నిర్వహణ. వెళ్లనని అనలేడు. కానీ ఆగే వీలుండీ ఆగకపోవడం వల్ల, ఆపవలసినవారు ఆపకపోవడం వల్ల పోతున్న ప్రాణాల మాటేమిటి?

2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథూలా దారిపై మంచు చరియ విరిగిపడి ఏడుగురు యాత్రికులు చనిపోయారు. అనుమతి పదమూడో మైలు వరకే ఉండగా పదిహేనో మైలు దాకా వెళ్లారని చెక్‌పోస్టు అధికారులు అప్పట్లో చెప్పారు. అంతకుముందు 2022 అక్టోబర్ 4న ఉత్తరకాశీ దగ్గర ద్రౌపదీ కా డాండా శిఖరంపై, కొండలెక్కడం నేర్చుకుంటున్న బృందాన్నే చరియ ముంచేసింది. 27 మృతదేహాలు దొరికాయి. నేర్చినవారికే గండం తప్పనిచోట ఏమీ తెలియనివారు ఎంత జాగ్రత్తగా ఉండాలి?

చరియ దైవికంగా ఊడిపడేది కాదు. దానికి కారణాలున్నాయి. పాత మంచు మీద కొత్త మంచు పడితే రెండూ వెంటనే అతుక్కోవు. మధ్యపొర బలహీనంగా ఉంటే పైపొర పలకలా ఊడి జారుతుంది. ముప్ఫై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలున్న కొండలు ఎక్కువ ప్రమాదకరం. తూర్పారబట్టేటప్పుడు పొట్టు ఒక పక్కకే చేరినట్టు, గాలి మంచునంతా కొండకు ఒకవైపే పోస్తుంది. అటు నడవరాదు. బాగా మంచు కురిసిన తర్వాత ఒకటి రెండు రోజులు గడ్డుకాలం. ఎండ ఒక్కసారిగా ముదిరినా అంతే. అడుగు వేస్తే మంచు పగుళ్లివ్వడం, లోపల గుభీమని చప్పుడు రావడం ప్రకృతి ఇచ్చే ఆఖరి హెచ్చరికలు. షికారుగా వెళ్లి చనిపోయినవారిలో ఎక్కువమంది విషయంలో చరియను కదిలించింది వారి బరువో, తోటివారి బరువో. పూడిపోయినవారిని మొదటి పది, పదిహేను నిమిషాల్లో తీస్తేనే బతికే ఆశ ఎక్కువ. ఆ లోగా పట్నం నుంచి సాయం రాదు. పక్కనున్నవాడి చేతిలో పార, మంచులో పొడిచి వెతికే కడ్డీ, మనిషి జాడ తెలిపే యంత్రం ఉండాలి.

ఈ హెచ్చరికలకు ప్రభుత్వ యంత్రాంగం లేకపోలేదు. చండీగఢ్‌లోని రక్షణ శాఖ సంస్థ మంచు ప్రాంతాలకు ప్రమాద సూచనలు ఇస్తూనే ఉంది. లోపమల్లా ఆ తర్వాతనే. బదరీనాథ్ వెళ్లిన తెలుగు యాత్రికులు చూసివచ్చే ఊరు మాణా. 2025 ఫిబ్రవరి 28న దాని దగ్గర రోడ్డు కూలీల శిబిరంపై చరియ పడింది. 54 మంది చిక్కుకున్నారు. 46 మందిని కాపాడారు. ఎనిమిదిమంది మరణించారు. ఆ జిల్లాకు ముందురోజు సాయంత్రమే హెచ్చరిక వెలువడింది. అయినా కూలీలు శిబిరంలోనే ఉన్నారు.

కూలీ తనంత తాను దిగి రాలేడు. దిగితే కూలి పోతుంది. కాబట్టి ప్రమాద సూచన ఉన్న రోజుల్లో శిబిరం ఖాళీ చేయించడం, ఆ రోజుల కూలి చెల్లించడం పని చేయించేవారి బాధ్యతగా చట్టం చేయాలి. యాత్రికులను, విద్యార్థులను కొండలకు తీసుకువెళ్లేవారు ఆనాటి ప్రమాద సూచనను వారికి తెలిసిన భాషలో చదివి వినిపించాకే బయలుదేరాలి. సూచన బాగా లేకపోతే ప్రయాణం మానుకున్నవారికి డబ్బు తిరిగి ఇవ్వాలి. లేకుంటే కట్టిన సొమ్ము కోసం ప్రాణం ఒడ్డుతారు.

2014 మే 25న నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కితే తెలుగువారంతా గర్వించారు. అదే ఏడాది ఏప్రిల్ 18న ఆ పర్వతానికి నేపాల్ వైపున మంచు విరిగిపడి 16 మంది నేపాలీ పనివారు చనిపోయిన సంగతి ఎందరికి గుర్తుంది? పిల్లలను శిఖరాలకు పంపాలనుకునే తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఎక్కడం ఎవరు నేర్పుతారని అడిగితే చాలదు. ఎప్పుడు వెనక్కి తిరగాలో ఎవరు నేర్పుతారని కూడా అడగాలి.

1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది కొట్టుకుపోయారు. ఆ తర్వాత కోస్తాలో తుఫాను షెల్టర్లు లేచాయి. ముందే ఊళ్లు ఖాళీ చేయించడం అలవాటైంది. గాలి తగ్గలేదు, సముద్రం మారలేదు. మనిషికి కబురు ముందే అందింది, కదలడానికి చోటు దొరికింది. సముద్రం దగ్గర సాధ్యమైంది కొండ మీద ఎందుకు సాధ్యం కాదు?