పాత ల్యాప్‌టాప్‌ను పక్కన పెట్టే ముందు

బడి ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికి పది నిమిషాలు పడుతోందంటే మన సమావేశాల్లో వెంటనే వచ్చే మాట ఒక్కటే: కొత్తది కొందాం. ఆ వెనుకే రెండో మాట: తల్లిదండ్రుల దగ్గర తలా కొంత వసూలు చేద్దాం. గనిలో కాంట్రాక్టు పనికి వెళ్లే తండ్రికి, నాలుగిళ్లలో పని చేసుకునే తల్లికి ఆ 'తలా కొంత' చిన్న మాట కాదు. చాలా సందర్భాల్లో ఆ వసూలు అవసరమే లేదని మేము అనుకుంటున్నాం. చెడిపోయిందని మనం అనుకునే యంత్రానికి తక్కువైంది తరచుగా మెమరీయే, అంటే దుకాణంలో ర్యామ్ అని అడిగే చిన్న పట్టీ.

తెలుగు బడికి ఈ సంగతి మిగతా బడుల కంటే ఎక్కువ ముఖ్యం. మరాఠీ మాధ్యమం ఉపాధ్యాయునికి చాచణి పరీక్షల పేపర్లు, అభ్యాస పుస్తకాలు బజారులో అచ్చయి దొరుకుతాయి. చంద్రపూర్‌లో మనకు ఆ సౌకర్యం ఎక్కడిది? మన పేపరు మనమే టైప్ చేసుకోవాలి, మనమే ప్రింటు తీసుకోవాలి. బాలభారతి 8 భాషల్లో పాఠ్యపుస్తకాలు వేస్తుంది, అందులో తెలుగు ఒకటి. వాటి పీడీఎఫ్‌లు ఉచితంగా దొరుకుతాయి. బొమ్మలతో నిండిన ఆ ఫైలును, పక్కనే బ్రౌజరును, వర్డ్‌లో ప్రశ్నపత్రాన్ని ఒకేసారి తెరిస్తే 4 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ అక్కడే చతికిలబడుతుంది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతోంది. ఈ రోజుల్లో ఆ సౌకర్యాల్లో తెలుగు సాఫీగా టైప్ అయ్యే కంప్యూటరు కూడా ఒకటని మేము నమ్ముతాం.

మెమరీ చేసే పనేమిటో టీచర్లకు వివరించడం సులువు. అది మన బల్ల. డిస్కు మన బీరువా. బల్ల చిన్నదైతే ఒక్కో కాగితానికీ లేచి బీరువా దగ్గరకు వెళ్లి రావాలి. మెమరీ నిండగానే విండోస్ కొంత సమాచారాన్ని డిస్కు మీదకు నెట్టి, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. డిస్కు మెమరీ కంటే ఎన్నో రెట్లు నెమ్మది. మౌస్ కదలకుండా నిలిచిపోవడం, డిస్కు లైటు ఆరకుండా మినుకుమినుకుమనడం అందుకే.

డబ్బు ఖర్చు పెట్టకముందే దీన్ని కళ్లారా చూడవచ్చు. రోజూ వాడే ఫైళ్లన్నీ తెరిచి ఉంచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ. 85, 90 శాతం దాటి అక్కడే నిలబడితే మెమరీ పెంచడం వల్ల తేడా కనిపిస్తుంది. సగం కూడా నిండకుండానే యంత్రం నత్తనడక నడుస్తుంటే జబ్బు వేరే చోట ఉంది. ఎంత మెమరీ పోసినా ప్రయోజనం ఉండదు.

ఆ వేరే చోటు మన ఊళ్లో చాలాసార్లు ఫ్యానే. బొగ్గు గనులు, 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, సిమెంటు కర్మాగారాలు ఉన్న జిల్లా మనది. కిటికీ గట్టున పొద్దున తుడిచిన ధూళి సాయంత్రానికి మళ్లీ పేరుకుంటుంది. అదే ధూళి ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను రెక్కల మీదా, వేడిని బయటికి పంపే జాలీలోనూ చేరుతుంది. పైగా వేసవిలో 45 డిగ్రీలు దాటే ఎండ. ప్రాసెసర్ వేడెక్కితే కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కాబట్టి మెకానిక్ దగ్గరకు వెళ్లినప్పుడు మొదట శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు మార్పించి, ఒకటి రెండు రోజులు నడిపి చూడాలి. మిషన్ తెరవకుండానే 'ర్యామ్ వేసేద్దాం సార్' అనే దుకాణం మీద మాకు నమ్మకం తక్కువ.

మెమరీయే కావాలని తేలాక మూడు సంగతులు తెలుసుకోవాలి. ఏ రకమన్నది మొదటిది. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 పట్టీల గాడులు వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకదాని స్థానంలో మరొకటి కూర్చోదు. డీడీఆర్3లో తక్కువ వోల్టేజీతో నడిచే ఎల్ రకం వేరే ఉంది, కొన్ని ల్యాప్‌టాప్‌లు దాన్ని మాత్రమే తీసుకుంటాయి. ఖాళీ స్లాటు ఉందా అన్నది రెండోది. టాస్క్ మేనేజర్‌లోనే రెండింటిలో ఎన్ని వాడుకలో ఉన్నాయో రాసి ఉంటుంది. కొన్ని సన్నటి మోడళ్లలో మెమరీని బోర్డుకే అతికించేస్తారు, వాటికి పెంచే దారి లేదు. ఇక మూడోదాని దగ్గరే చాలామంది మోసపోతారు. 32 బిట్ విండోస్ ఉన్న మిషన్‌లో 8 జీబీ వేసినా అది 4 జీబీకి మించి వాడుకోలేదు. ముందు 64 బిట్ వేయించుకోవాలి. బడి పనికి 8 జీబీ సరిపోతుంది. 16 కావాలనే దుకాణదారుణ్ణి ఎందుకో అడగండి.

ధరల విషయంలో ఇప్పటి కాలం మనకు అనుకూలంగా లేదు. కృత్రిమ మేధ డేటా కేంద్రాల కోసం చిప్ కంపెనీలు తమ ఉత్పత్తిని అటు మళ్లించడంతో 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. అందుకే మేము చెప్పేది: కొనే ముందు బడి బీరువా తెరవండి. స్క్రీను పగిలినవి, కీబోర్డు పోయినవి, బోర్డు కాలినవి ఒకటి రెండు ల్యాప్‌టాప్‌లు అందులో ఉంటాయి. వాటి మెమరీ పట్టీలు చాలావరకు బాగానే ఉంటాయి, వాటిలో తిరిగి అరిగే భాగాలేమీ ఉండవు కనుక. రకం కలిస్తే తీసి నడిచే మిషన్‌లో వేయవచ్చు. వేశాక విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్‌తో ఒకసారి పరీక్షించాలి. మీ బడిలో రకం కలవకపోతే పక్క ఊరి తెలుగు బడిలో కలవవచ్చు. ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక ఫోను కాల్ చాలు.

అయితే ఇది చాటుగా చేసే పని కాదు. ఆ ల్యాప్‌టాప్‌లు డెడ్ స్టాక్ రిజిస్టరులో ఎక్కి ఉంటాయి. ఏ మిషన్ నుంచి ఏ మిషన్‌లోకి ఏ పట్టీ వెళ్లిందో శాళా వ్యవస్థాపన సమితి తీర్మానంలో రాసి, రిజిస్టరులో నమోదు చేసి, అప్పుడే స్క్రూ విప్పాలి. వారంటీ ఉన్న మిషన్‌ను, పథకం కింద వచ్చిన మిషన్‌ను అడగకుండా ముట్టుకోవద్దు.

లోపల ఇంకా పాత తిరిగే హార్డ్ డిస్కే ఉంటే మా అభిప్రాయం కాస్త మారుతుంది. డబ్బు ఒక్కదానికే ఉంటే, మెమరీ 4 జీబీ ఉన్నచోట ముందు ఎస్ఎస్‌డీ వేయించండి. మిషన్ తెరుచుకునే వేగంలో తేడా అక్కడే ఎక్కువ తెలుస్తుంది. డిస్కు మార్చే ముందు ఐదేళ్ల ప్రశ్నపత్రాలు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవడం మరవద్దు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మన పాత మిషన్లలో చాలా వాటిని విండోస్ 11 ఒప్పుకోదు, మెమరీ పెంచినా సరే. భద్రతా అప్‌డేట్లు ఆగిన మిషన్‌లో పిల్లల ఆధార్ వివరాలు, యూడైస్ నమోదు చేయడం మంచిది కాదు. వాటిని ఆ పనుల నుంచి తప్పించి లినక్స్ వేసి టైపింగుకు, పాఠాలు చూపించడానికి వాడుకోవచ్చు. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటరు నేర్పుతున్నాయి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనూ ఉంటుంది. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత పేపర్లు మాత్రం అక్కడ పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి, ముందే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. ఆ శ్రమ ఎలాగూ ఒకరోజు తప్పదు.

విదర్భలో బడులు మళ్లీ తెరుచుకునేది జూన్ చివర్లో. అంతలోపు ఒక పూట కూర్చుని ప్రతి ల్యాప్‌టాప్ మెమరీ ఎంత, ఏ రకం, ఎన్ని స్లాట్లు ఖాళీ, ఏ డిస్కు అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టమని ముఖ్యోపాధ్యాయులను కోరుతున్నాం. ఐటీఐలో చదివిన మన పూర్వ విద్యార్థి ఎవరైనా ఊళ్లో ఉంటే పిలవండి, సంతోషంగా వస్తారు. కొత్త ల్యాప్‌టాప్ కోసం చందా అడిగే సభలో ఆ కాగితం చూపించమని తల్లిదండ్రులు అడగాలి.