లాభం వచ్చేదాకా ఆగాలా?

2023 మే 22న పనులకు కొబ్బరికాయ కొట్టిన బందరు ఓడరేవు మాట మోపిదేవి గుళ్లో దర్శనం వరుసలో నిలబడ్డా చెవినపడుతుంది: ఉద్యోగాలొస్తాయట, భూముల రేట్లు పెరుగుతాయట. మరి బందరు తీరాన గిలకలదిండిలో చేపల వేటగాళ్ల సంగతి? వాళ్లకు చట్టం ఉందిగా అంటారు: 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు పెట్టాలి. చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యమివ్వాలి. బాగానే ఉంది. కొత్త రేవు లాభం కళ్లజూసేదెప్పుడు? డ్రెడ్జర్ అడుగు తోడిన రోజునుంచే నీళ్లు బురదవుతాయి, వల బరువెక్కేది చేపలతో కాదు. ఆ నష్టానికి పరిహారం బాకీ, దానం కాదు. స్కూలు బ్యాగులు పంచి ఫొటోలు దిగితే తీరదు. సరుకు టన్నుకింతని వేటగాళ్లకూ, మడ అడవులకూ రేవు ఒప్పందంలోనే రాయించాలి. తొలి ఓడ రాకముందే రాష్ట్ర మారిటైమ్ బోర్డు ఆ పని చేయాలి.