బడి దూరమైతే బస్సుదే గెలుపు

జూన్‌లో బడులు తెరిచేనాటికి రవాణా శాఖ అధికారులు పసుపు బస్సుల వెంట పడతారు. ఫిట్‌నెస్ గడువు మే 15తో ముగుస్తుంది కనుక బ్రేకులు, టైర్లు, అత్యవసర ద్వారం, డ్రైవర్ వయసు అన్నీ చూస్తారు. చూడాల్సిందే. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు వద్ద బడి బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా పిల్లలు పోయారు. చుట్టుపక్కల పల్లెల నుంచి తూప్రాన్‌కు చదువుకోవడానికి బయల్దేరిన పిల్లలు వాళ్లు. ఆ తర్వాత కూడా తనిఖీలను మొక్కుబడిగా చేయడం క్షమించరానిది. అయితే ఒకటో తరగతి పిల్ల అసలు ఊరు దాటి ఎందుకు వెళ్లాల్సి వస్తోందన్నది బ్రేకులు చూసే అధికారి తేల్చే విషయం కాదు. తల్లిదండ్రుల ప్రైవేటు మోజు అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ మోజులో సర్కారు నిర్ణయాల వాటా కూడా ఉందని, ప్రాథమిక బడిని ఇంటికి దూరం జరిపిన ప్రతిసారీ పసుపు బస్సుకు కొత్త గిరాకీ పుడుతోందని నా వాదన.

ముందు ఆ ప్రయాణం సంగతి చూద్దాం. మండల కేంద్రంలోని బడికి వెళ్లే బస్సు తిన్నగా పోదు. నాలుగైదు ఊళ్లు చుట్టి పోతుంది. చివరి ఊరి పిల్లలు పొద్దున అందరికంటే ముందు ఎక్కుతారు, సాయంత్రం అందరికంటే ఆఖరున దిగుతారు. ఏడింటికల్లా జడలు వేసి, క్యారియర్ సర్ది, బస్సు ఆగే చోట నిలబెట్టాలి. తిరిగొచ్చేటప్పుడు సగంమంది కిటికీ ఊచలకు తల ఆనించి నిద్రపోతుంటారు. రానూ పోనూ గంటన్నర పడుతుందనుకుందాం. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంది. 200 రోజులు గంటన్నర చొప్పున బస్సులో కూర్చుంటే 300 గంటలు. చట్టం అడిగిన చదువులో మూడో వంతుకు మించిన కాలం సీటు మీదే గడిచిపోతుంది. ఆ గంటలు ఆటలోంచో నిద్రలోంచో రావాలి. ఫీజు రసీదులో బస్సు చార్జీ కిలోమీటర్ల లెక్కన ఉంటుంది. ఈ ఖర్చు మాత్రం ఎక్కడా కనిపించదు.

ఐదో తరగతి వరకు బడి కిలోమీటరు లోపు, ఎనిమిదో తరగతి వరకు మూడు కిలోమీటర్ల లోపు ఉండాలని మన విద్యాహక్కు నియమాలు చెబుతున్నాయి. ఆ గీతను చెరిపే పని ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలైంది. హైస్కూలుకు 250 మీటర్ల లోపు ఉన్న ప్రాథమిక బడుల నుంచి 3, 4, 5 తరగతులను అక్కడికి తరలించారు. మరుసటి ఏడాది ఆ హద్దును కిలోమీటరుకు పెంచారు. ఈ తరలింపుకు తగ్గట్టు టీచర్లను సర్దే 117వ జీవో 2022 జూన్‌లో వచ్చింది. కాగితం మీద ఇదంతా నియమానికి లోబడే ఉంది. కానీ పటం మీద కిలోమీటరు వేరు, మధ్యలో హైవేనో కాలువ గట్టో ఉన్న కిలోమీటరు వేరు. రెండో తరగతి చెల్లి పాత బడిలో, మూడో తరగతి అన్న హైస్కూల్లో పడితే చేయి పట్టుకుని తీసుకెళ్లే తోడు కూడా పోతుంది. నాట్ల కాలంలో తల్లి పొద్దు పొడవకముందే పొలానికి వెళ్లిపోతుంది. బడి ఊళ్లోనే ఉంటే నాయనమ్మ గుమ్మంలో కూర్చునే పంపగలదు. రోడ్డు దాటించాలంటే ఎవరో ఒకరు పని మానుకోవాలి. సరిగ్గా అక్కడ ప్రైవేటు బస్సు వచ్చి ఇంటి ముందు ఆగుతుంది. క్లీనర్ దిగి పిల్లవాణ్ని ఎత్తి ఎక్కిస్తాడు. ఆ ఇంటివాళ్లు కట్టే డబ్బులో చదువుకు ఎంతో, పిల్లవాణ్ని కనిపెట్టుకుని ఉండే మనిషికి ఎంతో విడదీసి చెప్పడం కష్టం. సర్కారు బడికి ప్రైవేటు బడి మీద ఉన్న పెద్ద బలం దగ్గరగా ఉండటమే. దాన్ని సర్కారే చేజేతులా వదులుకుంది.

ఇలా బడులను కలిపేసే విలీనాన్ని సమర్థించేవారి మాటలో బలం లేకపోలేదు. ఒక్క టీచరు ఐదు తరగతులను ఎలా నెట్టుకొస్తాడని వారి ప్రశ్న. 60 మంది వరకు పిల్లలకు ఇద్దరు టీచర్లు చాలని చట్టమే అంటోంది. ఇద్దరిలో ఒకరు సెలవు పెట్టినా, ఆన్‌లైన్ నివేదికలు నింపుతూ కూర్చున్నా చదువు ఆగిపోతుంది. తరగతికో టీచరు ఉండాలనడం న్యాయమే. 2025లో 117వ జీవోను రద్దు చేసి, తరగతికో టీచరుతో ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను తెచ్చిన ప్రభుత్వం ఈ మేరకు మంచి పనే చేసింది. చిక్కల్లా అక్కడికి పిల్లల్ని చేర్చడం దగ్గరే. రెండు ఊళ్ల పిల్లల్ని కలిపితే సంఖ్య పెరుగుతుందని లెక్క వేస్తారు. కదిలించిన పిల్లల్లో కొందరు ఎటూ బస్సు ఎక్కాలి కదా అని ప్రైవేటుకు వెళ్లిపోతే ఆ లెక్క తప్పుతుంది. మిగిలిన కొద్దిమందిని చూపించి మళ్లీ విలీనం చేస్తారు. తెలంగాణలో ఒక్క విద్యార్థీ లేని బడులు వెయ్యి దాటాయని కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కలే చెబుతున్నాయి. వాటన్నిటికీ దూరం కారణం కాదు. కానీ టీచర్లను తగ్గిస్తూ, పిల్లలు తగ్గారని బడిని ఖాళీ చేసే వరస ఎటు తీసుకెళ్తుందో తెలుసుకోవడానికి ఆ సంఖ్య చాలు.

తల్లిదండ్రులకు ఇంగ్లిష్ మీడియం కావాలి, వాళ్ల ఇష్టాన్ని కాదనడానికి మనమెవరం అనేది మరో అభ్యంతరం. కాదనక్కర్లేదు. కానీ ఇంగ్లిష్ మీడియం ఇప్పుడు సర్కారు బడుల్లోనూ ఉంది. తెలంగాణలో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా మొదలుపెట్టారు. అయినా బస్సులు ఖాళీ కాలేదంటే ఇంకేదో ఉందన్నమాట. నా దృష్టిలో అది నర్సరీ. ప్రైవేటు బడి మూడున్నరేళ్లకే పిల్లవాణ్ని చేర్చుకుంటుంది. సర్కారు బడి చాలా చోట్ల ఒకటో తరగతి వచ్చేదాకా ఎదురుచూస్తుంది. ఈలోపు పిల్లవాడికి బస్సు, స్నేహితులు, యూనిఫాం అలవాటైపోతాయి. ఊరి బడి ఆవరణలోనే పూర్వ ప్రాథమిక తరగతులు, దానికో ఆయా, ఐదు తరగతులకు కనీసం ముగ్గురు టీచర్లు ఉంటే తల్లిదండ్రుల ఎంపిక ఎలా ఉంటుందో చూసి, ఆ తర్వాత ఇష్టం గురించి మాట్లాడాలి.

డబ్బెక్కడిదన్న ప్రశ్న సహజం. దూరం నుంచి వచ్చే పిల్లలకు సమగ్ర శిక్ష కింద ఏడాదికి గరిష్ఠంగా 6,000 రూపాయల రవాణా భత్యం ఉంది. నెలకు 600 చొప్పున పది నెలలు. ఏడేళ్ల పిల్లకు కావాల్సింది బ్యాంకు ఖాతాలో 600 కాదు, రోడ్డు దాటించే మనిషి. ఆ సొమ్మును ఊరి పిల్లలందరికీ కలిపి ఒక ఆటోకో, తోడు వెళ్లే ఆయాకో ఇస్తే కొంతైనా పని జరుగుతుంది. కొండ ఊళ్లలో, పది మంది పిల్లలు కూడా లేని గూడేల్లో విలీనం తప్పనిసరి కావచ్చు. అక్కడ వాహనం ముందు వచ్చి, ఉత్తర్వు వెనక రావాలి. మిగతా చోట్ల బడిని కదిపేముందు పాఠశాల యాజమాన్య కమిటీ ముందు ఒక కాగితం పెట్టాలి. ఏ వీధి నుంచి పిల్లల నడకన ఎన్ని నిమిషాలు, మధ్యలో ఎన్ని రోడ్లు, వానాకాలంలో ఏ వాగు, తోడు ఎవరు. ఆ గడులు నిండకుండా తీర్మానం మీద సంతకాలు తీసుకోకూడదు.