నాన్న యెజ్డీ

అమీర్‌పేటలో మా సెల్లార్‌లో పదిహేనేళ్లుగా టార్పాలిన్ కింద ఉంది నాన్న యెజ్డీ. ఆయన సంవత్సరీకం అయ్యాక ముసుగు తీశాను. కార్బురేటర్ లేదు, డైనమో లేదు. ఎప్పుడో రిపేరుకి విప్పినవి తిరిగి రాలేదు.

‘తూకానికి వేసెయ్‌రా’ అన్నాడు బాబాయ్. నన్ను రోజూ బడిలో దింపిన బండి... మనసొప్పలేదు. ట్రాలీ ఆటోలో పంజాగుట్ట తీసుకెళ్లాను.

కిక్ మీద కాలు వేయబోతే, ‘కొట్టకుండ్రి సార్!’ అన్నాడు పాత మెకానిక్. ఏళ్లతరబడి ఆగిన ఇంజన్లో రింగులు సిలిండర్‌కి అతుక్కుంటాయట. బలవంతం చేస్తే గీతలే. ప్లగ్ విప్పి కాస్త ఆయిల్ పోసి, రాత్రంతా వదిలేసి, మర్నాడు మెల్లగా తిప్పాలి. ఇది టూ స్ట్రోక్. క్రాంక్ దగ్గరి ఆయిల్ సీళ్లు ఎండిపోతే ఎన్ని కిక్కులు కొట్టినా అంతే. అవీ మార్చాలి.

మైసూరు ఐడియల్ జావా 1996లో మూతపడింది. 2022లో యెజ్డీ పేరు మళ్లీ వచ్చినా అవి ఫోర్ స్ట్రోక్ బళ్లు. ఆ ఇంజన్ పార్టులు దీనికి పట్టవు. పుత్లీబౌలిలో తిరగ్గా తిరగ్గా పాత కార్బురేటర్ దొరికింది. డైనమో కోసం ఇంకా వెతుకుతున్నాను.

‘బండి ఎందాకా వచ్చిందిరా?’ అని అమ్మ రోజూ అడుగుతోంది. ఆ డుగుడుగు చప్పుడు వింటే చాలట.

మీ సెల్లార్‌లోనూ అలాంటిదొకటి ఉంటే, తూకానికి వేసే ముందు ఓసారి ప్లగ్ విప్పి చూడండి.