కారు డీలరుది, ప్రయాణం యెవరిది?

అమెరికాలో మరమ్మతుకు కారు అప్పజెప్పినవానికి, అది బాగై వచ్చేదాకా తిరగడానికి డీలరు మరో కారు ఇచ్చి పంపడం వాడుక. ఆ అరువుకారులో, మెకానిక్కులు తనిఖీకి వాడే సాకెట్టులో, చిన్న పరికరం ఒకటి దూర్చి పెడుతున్నారు. కారు యెక్కడున్నదీ, యెంత వేగంతో పోతున్నదీ డీలరు తన బల్లముందు కూర్చునే చూడవచ్చు. గీసిన హద్దు దాటితే హెచ్చరిక వస్తుంది. దీనికి పెట్టిన ముద్దుపేరు ఆస్తి నిర్వహణ.

డీలర్ల ఫిర్యాదు వుత్తదని నేననను. గడువు తీరినా కారు తేనివారున్నారు. టాంకు యెండగట్టి తెచ్చేవారున్నారు. కాని పెట్రోలు సంగతి ముల్లు చెబుతుంది, మైళ్ల సంగతి మీటరు చెబుతుంది, రానివాణ్ణి పిలవడానికి ఫోనున్నది. ఈ లెక్కల్లో దేనికీ ఆ మనిషి మంగళవారం సాయంత్రం యే వైద్యుని వాకిట ఆగాడో, యే కార్మికసంఘం సభకు వెళ్లాడో తెలియనక్కర లేదు.

సంతకం పెట్టాడు గదా అంటారు. సొంతకారు లిఫ్టుమీద వేలాడుతుండగా, పనికి వేళ మించిపోతుండగా, కౌంటరు దగ్గర గీకిన సంతకాన్ని సమ్మతి అనడం మన వడ్డీవ్యాపారి ప్రాంసరీనోటు న్యాయం! పైగా ఇతడు దానం అడగ వచ్చినవాడా? వాళ్లమ్మిన వస్తువు చెడిపోయి వచ్చినవాడు.

పోలీసులు అనుమానితుని కారుకు జీపీయస్ తగిలించి వెంబడించడం రాజ్యాంగరీత్యా సోదాయే అవుతుందని 2012లో జోన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ రక్షణ ప్రభుత్వం చేతుల్ని కడుతుందే గాని వర్తకుని చేతుల్ని కాదు. కాలిఫోర్నియావంటి చోట్ల అద్దెకార్లకు విడిచట్టం లేకపోలేదు. అది రాష్ట్రపు పొలిమేర దాటదు.

వర్తకుని చేతికి చిక్కిన సమాచారం చేతులు ముడుచుకు కూర్చోదు. కనెక్టికట్‌లో ఒక అద్దెకార్ల సంస్థ, గంటకు 79 మైళ్లు మించి రెండు నిమిషాలు నడిపిన ప్రతిసారీ 150 డాలర్లు గుంజింది. అది నష్టపరిహారం కాదు, జరిమానా, చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2005లో తేల్చవలసి వచ్చింది. జనరల్ మోటార్స్ తన కార్లు నడిపేవారి జాడను, కొన్ని సందర్భాల్లో మూడు సెకన్లకొకసారి, సేకరించి అమ్ముకున్నదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ఆరోపించింది. మొదట కాపలా, తర్వాత జరిమానా, ఆపైన అంగడి.

నేను యంత్రద్వేషినని కొందరు మిత్రులు అనవచ్చు. జీపీయస్ ఉపగ్రహాలు నిర్మించింది ప్రజల పన్నుడబ్బు. నేటికీ వాటిని నడుపుతున్నది ప్రభుత్వమే. దారి తప్పినవానికి దారి చూపే ఆ సంకేతాన్ని వుచితంగా అందుకుని, అదే మనిషిపై నిఘాకు మళ్లించే హక్కు డీలరుకు యెవరిచ్చారన్నదే నా ప్రశ్న.

గడువు దాటేవరకు, లేదా కారు దొంగతనం పోయిందన్నంతవరకు, ఆ పరికరం మూగగా వుండాలి. కారు తిరిగి వచ్చిన రోజే దాని చిట్టా చెరిపెయ్యాలి. ఆవరణలో ఆ కార్లు కడిగి, తెచ్చి, నిలబెట్టే కుర్రవాడు నడిపిన చిట్టాకూ ఇదే నియమం.